హారన్ ఆయనది, స్టీరింగ్ ఆవిడది

సీతారామాంజనేయులు గారికి కారు నడపడం రాదు. ఈ సంగతి మా అపార్ట్‌మెంట్‌లో కూడా చాలామందికి తెలియదు. ఎలా తెలుస్తుంది? మదీనాగూడ నుంచి నార్సింగి దాకా ఆయన హారన్ వినని మనిషి లేడు. హారన్‌లో అంత పాండిత్యం ఉన్నవాడికి తక్కినవి రాకుండా ఉంటాయా అని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, ఆ కారు వెనక సీట్లో మొదటిసారి కూర్చునేదాకా.

నా పేరు గ్రేస్. నార్సింగిలో ఒక పెద్ద బడిలో తెలుగు చెబుతాను. పెద్ద బడి అని ఊరికే అనలేదు. అక్కడ గుర్రపు స్వారీ ఉంది, ఈతకొలను ఉంది, తెలుగు కూడా ఉంది, వారానికి మూడు పీరియడ్లు. ఆ బడికి వైస్ ప్రిన్సిపాల్ రాజరాజేశ్వరి గారు. సీతారామాంజనేయులు గారి భార్య. మదీనాగూడలో మా పై అంతస్తులోనే వాళ్ల కాపురం. నేను రెండు బస్సులు మారి, చీర నలిగి, చెమటతో బడికి చేరడం చూసి ఆవిడకి జాలేసింది. "రేపట్నుంచి నాతో వచ్చెయ్ గ్రేసమ్మా. కారు ఎలాగూ ఖాళీగానే వెళ్తోంది" అన్నారు. ఆ ఖాళీలో భర్త లెక్కలోకి రాలేదని నాకు అప్పుడు తట్టలేదు.

ఆవిడ బడిలో మేడం కాబట్టి కారులోనూ మేడమే. ఆయన మాత్రం మొదటిరోజు హఫీజ్‌పేట ఫ్లైఓవర్ దిగేలోపే నాకు బాబాయిగారు అయిపోయారు. మేడం స్టీరింగ్ దగ్గర కూర్చున్నారు. బాబాయిగారు పక్క సీట్లో కూర్చుని, బెల్టు వదులు చేసుకుని, కుడివైపుకి కాస్త ఒరిగారు. కారు రోడ్డెక్కగానే ఆయన కుడిచెయ్యి మెల్లగా ఆవిడ వైపుకి సాగింది. ఈ వయసులో ఆవిడ చెయ్యి పట్టుకోబోతున్నారు కాబోలు, ఎంత ముచ్చట అనుకుని నేను మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశాను. 'పేఁ' మని మోగింది.

ఆయన చెయ్యి స్టీరింగ్ మధ్యలో ఉంది. ఆవిడ చేతులు చక్రం అంచున ఉన్నాయి. ఆవిడ మలుపు తిప్పితే ఆయన చెయ్యి కూడా చక్రంతోపాటు తిరిగింది. గేరు మార్చేటప్పుడు ఆయన మోచెయ్యి తనంతట తానే పైకి లేచి దారి ఇచ్చింది. నాలుగేళ్ల సాధన! ఇద్దరూ ఒక్క మాట కూడా అనుకోలేదు.

దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. బాబాయిగారు కాకినాడ వైపు కాలువల మీద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఆఫీసు జీపులో, డ్రైవరు పక్కన కూర్చుని తిరిగిన మనిషి. ఆయన దృష్టిలో కారు నడపడమంటే రెండు పనులు. చక్రం తిప్పడం డ్రైవరు పని, "కొట్టవయ్యా హారన్" అనడం ఆఫీసరు పని. రిటైరయ్యాక జీపు పోయింది, డ్రైవరు పోయాడు. ఆ అనే నోరు మాత్రం మిగిలింది. మేడంకి నార్సింగిలో ఉద్యోగం రావడంతో కాపురం హైదరాబాదుకి మారింది. యాభై దాటిన వయసులో ఆవిడ పట్టుబట్టి కారు నేర్చుకున్నారు. చక్కగా నడుపుతారు. ఒక్కటే లోపం, హారన్ కొట్టరు.

కొట్టలేక కాదు. కొట్టడం ఆవిడ స్వభావంలో లేదు. బడిలో ఆవిడ గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. కారిడార్లో ఆవిడ చెప్పుల చప్పుడు వినపడితే చాలు, పదో తరగతి పిల్లలు కూడా కాళ్లు దగ్గరపెట్టుకుని కూర్చుంటారు. కానీ కొత్తగూడ కూడలిలో ఆవిడ చెప్పుల చప్పుడు ఎవరికి వినపడుతుంది? మొదట్లో బాబాయిగారు అలవాటుకొద్దీ "కొట్టు రాజేశ్వరీ, కొట్టు" అనేవారట. ఆవిడ వినిపించుకోలేదట. చెప్పగా చెప్పగా నోరు నొప్పెట్టి, చివరికి ఆయనే చెయ్యి చాచారట. అప్పటినుంచి ఆ శాఖ ఆయనదే.

పొద్దున మమ్మల్ని బడి దగ్గర దింపాక, కాదు, మేడమే తనని తాను దించుకున్నాక, ఆయన బస్సులో ఇంటికి వెళ్లిపోయేవారు. భోంచేసి కునుకు తీసి, మళ్లీ బస్సెక్కి సాయంత్రం బడి గేటు దగ్గరికి వచ్చేవారు, మాతో కలిసి తిరిగి రావడానికి. హారన్ కొట్టడానికి ఒక మనిషి రోజూ రెండు బస్సు ప్రయాణాలు చేసేవాడంటే నా భర్త జాన్సన్ నమ్మలేదు. "ఆయనకి పిచ్చా, ప్రేమా?" అన్నాడు. ఈ రెండింటినీ విడదీసే పరికరం నా దగ్గర లేదని చెప్పాను.

హారన్ గురించి ఆయనకి సిద్ధాంతాలు ఉండేవి. "హారనంటే తిట్టు అనుకుంటారండీ మీరంతా. కాదండీ గ్రేస్ గారూ, అది పలకరింపు. మా ఊళ్లో మనిషి ఎదురైతే ఏవండీ బావున్నారా అంటాం. ఇక్కడ ఇంతమందిని పేరుపేరునా అడగ్గలమా? అందుకని ఒక్కటి కొడతాం. లారీల వెనక చూడండి, కొట్టండి బాబూ అని వాళ్లే రాసుకుని తిరుగుతున్నారు!" ఆటోకి రెండు పొట్టివి కొట్టేవారు, ఒకటి చెవికి ఆనదని. ఆఫీసు బస్సులకి పొడుగ్గా ఒకటి. గేదెలకి మాత్రం కొట్టేవారు కాదు, బెదిరితే పాలు తగ్గుతాయట. ఎర్ర దీపం పడి ఉన్నా కొట్టేవారు. దీపానికి చెవులుంటాయా బాబాయిగారూ అని అడిగాను. "దీపానికి కాదండీ. పచ్చదీపం పడ్డాక నిద్దరోయే వాళ్లకి ముందుజాగ్రత్త" అన్నారు.

ఆయన ఒక్కరే అలా ఉన్నారని చెప్తే అన్యాయం చేసినట్టు. అద్దాల మేడల్లో గొంతు తగ్గించి ఇంగ్లీషులో మాట్లాడే మర్యాదస్తులంతా రోడ్డెక్కగానే అరచేత్తో మాట్లాడటం మొదలుపెడతారు. ముందువాడు కదలకపోవడానికి వాడి ముందువాడు కారణమని అందరికీ తెలుసు. అయినా కొడతారు. కాబట్టి బాబాయిగారి హారన్ ఆ మహాసముద్రంలో ఒక చెంబుడు నీళ్లు. కానీ ఆ చెంబు ఎవరి నెత్తిన పడుతోందన్నదే అసలు కథ.

రోడ్డు మీద ఎవడైనా వెనక్కి తిరిగితే ఎవరివైపు చూస్తాడు? స్టీరింగ్ పట్టుకున్న మనిషివైపు. కొట్టేది ఆయన, తిట్లు తినేది ఆవిడ. "ఏం ఆంటీ, రోడ్డు మీ ఇంట్లో వాళ్లదా?" "మేడం, హారన్ మీద పడుకున్నారా?" ఇవి కాస్త చదువుకున్న తిట్లు. తక్కినవి నేను రాయను, తెలుగు టీచర్ని. ఆవిడ మెడ నిటారుగా పెట్టుకుని ముందుకే చూసేవారు. అప్పటికే ఆయన చెయ్యి తన ఒళ్లోకి వచ్చేసి ఉండేది. తనకేమీ పట్టనట్టు డాష్‌బోర్డు మీద దుమ్ము తుడిచేవారు. నేను వెనకనుంచి చూసి నవ్వుకునేదాన్ని. మిగతావాళ్ల కాపురాలు మనకి వినోదమే కదా.

ఆ సోమవారం దాకా అంతే.

కొత్తగూడ కూడలి. ఎర్ర దీపం. మా ముందు ఒక మోటారుసైకిలు, దాని మీద నడివయసు మనిషి, వెనక టిఫిన్ క్యారియరు కట్టి ఉంది. బాబాయిగారు తన ముందుజాగ్రత్త మొదలుపెట్టారు. ఒకటి, రెండు, ఆపైన ఒక పొడుగుది. ఆ మనిషి బండి స్టాండు వేశాడు. హెల్మెట్ తీశాడు. నడుచుకుంటూ మేడం కిటికీ దగ్గరికి వచ్చి అద్దం మీద వేలితో కొట్టాడు. ఆవిడ అద్దం దించారు.

"ఏందమ్మా గా హారన్? ముంగట రెడ్ లైట్ ఉన్నది కనవడ్తలేదా? గా లైట్ పై నుంచి ఎగిరిపోవాల్నా నేను? నడుపరాకపోతే ఇంట్ల కూసోరాదు! మందిని పరేషాన్ చేసుడెందుకు?"

మేడం నెమ్మదిగా తల తిప్పి భర్తవైపు చూశారు. ఒక్క చూపు. ఒక్క మాట చాలు, 'నేనే కొట్టానయ్యా' అని. ఆ మనిషి కూడా ఆవిడ చూపు వెంట బాబాయిగారివైపు చూశాడు. భుజాలు వెడల్పుగా, చేతిలో హెల్మెట్‌తో ఉన్నాడు.

బాబాయిగారు గొంతు సవరించుకున్నారు. "అదే నేనూ చెప్తున్నానండీ. ఊరికే అంత హారన్ ఎందుకు రాజేశ్వరీ? మెల్లిగా పోదాం అంటే వినవు."

ఆ మనిషికి బాబాయిగారి మీద ఎంత సానుభూతి కలిగిందంటే, "జర చెప్పుండ్రి సార్ మేడంకు, మీరన్న" అని నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు. బాబాయిగారు కూడా ప్రతినమస్కారం పెట్టారు.

పచ్చదీపం పడింది. వెనకవాళ్లంతా కొట్టారు. మా కారు కదిలింది. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం బడి గేటు దగ్గర ఆయన ఎప్పటిలాగే ముందు తలుపు తీయబోయారు. "మీరు వెనక కూర్చోండి. గ్రేసమ్మా, నువ్వు ముందుకి రా" అన్నారు మేడం. గొంతు పెంచలేదు. పదో తరగతి పిల్లల్లా ఆయన వెనక సీట్లోకి వెళ్లి కాళ్లు దగ్గరపెట్టుకుని కూర్చున్నారు.

మర్నాడు స్టాఫ్‌రూములో మేడం నాతో అన్నారు, టీ చల్లారిపోతున్నా తాగకుండా. "హారన్ కొట్టినందుకు కాదమ్మా. నాలుగేళ్ల నించీ కొడుతూనే ఉన్నారు, తిట్లు తింటూనే ఉన్నాను. పోన్లే, నా పక్కన ఉండటానికే కదా ఈ మనిషి రోజూ రెండు బస్సులెక్కి వస్తున్నాడు అనుకునేదాన్ని. నిన్న నా పక్కన కూర్చుని వాడి పక్షాన మాట్లాడారు. అదే నాకు కష్టంగా ఉంది." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అంత పెద్దమనిషి అలా చిన్నబోవడం చూస్తే నాకు బాబాయిగారి మీద ఒళ్లు మండింది. మళ్లీ ముందు సీటు ఎప్పుడిస్తారు మేడం అని అడిగాను. "ఎందుకు తీసేశానో ఆయనంతట ఆయన చెప్పినరోజు. నేను చెప్పను. నువ్వూ చెప్పకూడదు" అన్నారు.

చెప్పకుండా ఉండటం నాకు పుట్టుకతో రాని విద్య. అయినా మాటిచ్చాను.

ఆయన మాత్రం నన్ను మెట్ల దగ్గర పట్టుకుని తన వాదన వినిపించారు. "ఆడమనిషైతే వాడు ఓ మాట అని పోతాడండీ. నేనని తెలిస్తే హెల్మెట్ పెట్టి కొట్టేవాడు. ఆ క్షణంలో అలా వచ్చేసింది. దానికి ఇంత పట్టింపా? హారన్ కొట్టడం తనకి మొదట్నించీ ఇష్టం లేదు. అదీ అసలు కారణం." నేను పళ్లు బిగబట్టుకుని మెట్లు దిగాను.

వెనక సీటు ఆయనకి అచ్చిరాలేదు. మోకాళ్లు పట్టేవి. మా ఇద్దరి జడలు తప్ప రోడ్డు కనపడేది కాదు. ఆటో అడ్డం వచ్చినప్పుడల్లా ఆయన కుడిచెయ్యి గాల్లోకి లేచి, నా సీటు వీపు మీద నొక్కేది. నా వీపులో మోగలేదు గానీ తగిలేది. అన్నిటికంటే పెద్ద అవమానం మరొకటి ఉంది. హారన్ లేకపోయినా మేం బడికి ఎప్పటి వేళకే చేరాం. ఈ సంగతి ఆయనకి నేను చెప్పలేదు. ఆయనే చేతి గడియారం చూసుకుని, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

ఇబ్బంది పడింది ఒక్క బాలమ్మే. మా అపార్ట్‌మెంట్ గేటు ఆవిడ చేతిలో ఉంటుంది. సాయంత్రం కారు గేటు ముందు నిలబడితే మేడం కొట్టరు, బాలమ్మ తీయదు. చివరికి నేను దిగి పిలిచాను. "ఏందమ్మా, కార్ల సారు లేడా? గప్పట్నుంచి నిలవడ్డరా? హారన్ ఇనవడకుంటే మీరొచ్చిన్రని నాకెట్ల ఎర్కైతది? జర కొట్టద్దా?" అంది. వెనక సీట్లోంచి బాబాయిగారు కిటికీ దించి, "వింటున్నావా రాజేశ్వరీ? ప్రజలు అడుగుతున్నారు" అన్నారు. మేడం కారు లోపలికి పోనిచ్చారు, అంతే.

ఆయన ప్రయత్నాలు మొదలయ్యాయి. ముందుగా ఒట్టు. ఇక జన్మలో హారన్ ముట్టుకోను, ఏడుకొండలవాడి మీద ఒట్టు అన్నారట. "ఆయన్నెందుకు ఈ ట్రాఫిక్‌లోకి లాగుతారు?" అన్నారట మేడం. తర్వాత ఆలోచించి, తప్పు కొట్టడంలో లేదు, మోతలో ఉంది అని కనిపెట్టారు. హారన్ కర్కశంగా ఉండబట్టే కదా జనం తిడుతున్నారు, తియ్యగా ఉంటే ఎవడు తిడతాడు? ఆదివారం మేడం గుడికి వెళ్లినప్పుడు, కొండాపూర్ నుంచి ఒక మెకానిక్‌ను పిలిపించి కొత్త హారన్ పెట్టించారు. సోమవారం పొద్దున వెనక సీట్లోంచి మెరిసే కళ్లతో, "గ్రేస్ గారూ, ఒక్కసారి నొక్కండి" అన్నారు. ఏమిటో అనుకుని నొక్కాను. అది పెళ్లి బ్యాండు వాళ్లు సన్నాయి సరిచేసుకుంటున్నట్టు మూడు రకాలుగా మోగింది. పార్కింగులో స్కూలు బస్సు కోసం నిలబడ్డ చంటిపిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రమే మేడం పాత హారన్ తిరిగి పెట్టించారు. "ఈయనకి ఇంకా హారనే కనపడుతోంది, నేను కనపడటం లేదు" అన్నారు నాతో.

మూడోది మహా ప్రయత్నం. అసలు తనకి కారు నడపడమే వస్తే ముందు సీటేమిటి, డ్రైవరు సీటే తనదవుతుంది కదా అని ఆయన లెక్క. ఎవరికీ చెప్పకుండా మదీనాగూడలోనే ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరారు. నేర్పేవాడు కుమార్ అని నలభై ఏళ్ల మనిషి. నేర్పే కార్లు మీరు చూసే ఉంటారు. నేర్చుకునేవాడి కాళ్ల దగ్గర ఉన్నట్టే పక్కన గురువుగారి కాళ్ల దగ్గర కూడా బ్రేకూ క్లచ్చూ ఉంటాయి. హారన్ మాత్రం ఒక్కటే, స్టీరింగ్ మధ్యలో. గురువుకి అవసరమైతే చెయ్యి చాచి కొట్టాలి. కుమార్‌కి చాలా తరచుగా అవసరమయ్యేది.

ఒక పొద్దున నేను పార్కింగులో మేడం కోసం చూస్తున్నాను. బాబాయిగారు గేటులోంచి గబగబా వచ్చారు. చొక్కా చెమటతో తడిసిపోయింది, మొహం కందగడ్డలా ఉంది.

"అన్యాయమండీ గ్రేస్ గారూ! కారు నేర్చుకుంటున్నానండీ, రెండు వారాలైంది. మీ మేడంకి చెప్పకండి. ఆ కుమార్ పక్కనుంచి చెయ్యి చాచి ఎడాపెడా కొట్టేస్తాడు. కొట్టేది వాడు, తిట్లు నాకు! ఇవాళ వాటర్ ట్యాంకరువాడు బండాపి, కిందికి దిగి, మా అమ్మనీ నాన్ననీ కూడా వదల్లేదండీ. నలుగురూ చూస్తున్నారు. నేను కుమార్ వంక చూశాను. కనీసం ఆ ఒక్క మాట, నేనే కొట్టాను అన్నా అని అనొచ్చుగా? వాడేమన్నాడో తెలుసా? 'సార్, జర సూస్కోని కొట్టాలె, నేను జెప్తనే ఉన్న గదా' అన్నాడు! ట్యాంకరువాడితో కలిసిపోయి నన్నే..."

అక్కడ ఆగిపోయారు.

నేను మాటిచ్చిన మనిషిని కాబట్టి ఎదురుగా ఉన్న స్తంభం వంక చూశాను. ఆయన మొహంలో ఎరుపు దిగిపోయి, పాలిపోయింది. సరిగ్గా అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుని మేడం తాళాలు పట్టుకుని వచ్చారు. ఆయన ఆవిడ వంక చూశారు. కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "ఏమిటి, అలా తడిసిపోయారు?" అని ఆవిడ అడిగితే, "ఏం లేదు" అని వెనక తలుపు తీసుకుని కూర్చున్నారు. ఆ రోజు నా సీటు వీపు మీద ఆయన చెయ్యి పడలేదు.

తెలిసింది సరే, చెప్పొచ్చు కదా! చెప్పలేదు. వారం గడిచింది. డ్రైవింగ్ స్కూలు మానేశారు. వెనక సీట్లో తలొంచుకుని కూర్చుంటారు, ఇంట్లో ఆవిడకి కాఫీ కలిపి ఇస్తారు, అడక్కుండా కూరగాయలు తెస్తారు. ఆ ఒక్కటీ మాత్రం నోటికి రాదు. ఆఫీసర్లుగా బతికిన మగవాళ్లకి తప్పు ఒప్పుకోవాలంటే పైనుంచి ఆర్డరు రావాలేమో. మేడం అద్దంలో ఆయన్ని చూసేవారు. చూసి, చూపు తిప్పుకునేవారు. ఇక ఈ సీటు ఇలాగే మారదేమో, ఆవిడ పక్కన ఇక నేనే కూర్చోవాలేమో అని నాకు దిగులేసింది. నాకు ఆ సీటు అక్కర్లేదు.

ఆ శుక్రవారం సాయంత్రం బడినుంచి తిరిగి వస్తున్నాం. ఫ్లైఓవర్ ఎక్కే ఎత్తు మీద బండ్లన్నీ ఆగిపోయాయి. మా ముందు ఒక పెద్ద నల్లకారు. దాన్ని నడిపే ఆయన ఫోనులో మాట్లాడుతున్నాడు, బ్రేకు మీద కాలు ఉందో లేదో. నల్లకారు మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. మేం వెనక్కి పోదామంటే మా వెనక ఆఫీసు బస్సు ఆనుకుని ఉంది. "మేడం, జారుతోంది!" అని అరిచాను. పక్కనుంచి ఏ చెయ్యీ రాలేదు. అప్పుడు ఆవిడ రెండు అరచేతులూ స్టీరింగ్ మధ్యలో పెట్టి, కళ్లు మూసుకుని, బలమంతా ఉపయోగించి నొక్కారు.

నాలుగేళ్లు కొట్టనిదంతా ఆ ఒక్కదాంట్లో కొట్టారు. ఫ్లైఓవర్ మీద తక్కిన హారన్లన్నీ ఆశ్చర్యపోయి ఆగాయి. నల్లకారు మా బంపరుకి జానెడు దూరంలో ఆగింది. ఆవిడ ఇంకా నొక్కుతూనే ఉన్నారు. నేను చేతులు పట్టుకుని తీయాల్సొచ్చింది.

నల్లకారు తలుపు తెరుచుకుంది. తెల్లచొక్కా, లావుపాటి మనిషి, చెవి దగ్గర ఫోను ఇంకా అలాగే ఉంది. "ఏందా హారన్? చెవులు పల్గిపోవాల్నా? మంది ముంగట ఇజ్జత్ తీస్తరా? ఎవరమ్మా నడిపేది?" అంటూ మేడం కిటికీవైపు వస్తున్నాడు. తప్పు చేసినవాడికి ఎంత గొంతు ఉంటుందో చూడాలంటే మా రోడ్లకి రావాలి.

అతను కిటికీ చేరేలోపే వెనక తలుపు తెరుచుకుంది. బాబాయిగారు దిగి, అతనికీ కిటికీకీ మధ్య నిలబడ్డారు. ఆయన తల అతని భుజం దాకా వచ్చింది.

"ఆవిణ్ణి ఏమీ అనకండి. కొట్టింది నేను."

అతను ఆయన్నీ, వెనక తలుపునీ చూశాడు. "నువ్వు ఎనక సీట్ల కూసున్నవ్ గదయ్యా! ఎనకనుంచి హారనెట్ల కొడ్తవ్?"

"ఎలాగైతేనేం, నేనే. ఈ కారులో హారన్ కొట్టేది నాలుగేళ్లుగా నేనేనండీ. తిట్లు మాత్రం ఆవిడ తింటోంది. మొన్న కొత్తగూడలో ఒకాయన ఆవిణ్ణి తిడుతుంటే, నేను పక్కనే కూర్చుని, ఆయన పక్షాన మాట్లాడాను. ఆవిడే కొట్టిందన్నాను." బాబాయిగారు ఒకసారి వెనక్కి తిరిగి కిటికీవైపు చూశారు. "పెళ్లాన్ని రోడ్డు మీద అప్పగించేశానండీ. కాబట్టి మీరు తిట్టదలచుకున్నవన్నీ నన్ను తిట్టండి. నేను వింటాను."

అతనికి ఇలాంటి ఆహ్వానం ఎప్పుడూ అందలేదనుకుంటాను. పిలిచి పెట్టిన భోజనం కాదనడం ఎందుకన్నట్టు తిట్టాడు. పాగల్ అన్నాడు, ముసలోడివి ఇంట్ల ఉండరాదా అన్నాడు, ఇంకా చాలా అన్నాడు. బాబాయిగారు చేతులు కట్టుకుని నిలబడి, ప్రతి తిట్టుకీ "చిత్తమండీ, చిత్తం" అన్నారు. వెనక బస్సు మోగుతోంది, దాని వెనక ఆటోలు మోగుతున్నాయి. ఆ మోతలో సగం తిట్లు ఆయనకి వినపడి ఉండవు. అయినా మధ్యలో తల దించుకోలేదు. చివరికి అతనికే విసుగుపుట్టి తన కారువైపు వెళ్లాడు.

అప్పటికే నేను నా సంచీ, లంచ్ డబ్బా, దిద్దాల్సిన పేపర్లు అన్నీ తీసుకుని వెనక సీట్లోకి మారిపోయాను. బాబాయిగారు అలవాటుగా వెనక తలుపు దగ్గరికి వచ్చి, నన్ను చూసి ఆగారు. ముందు తలుపువైపు చూశారు. చెయ్యి వెయ్యలేదు. మేడం ఒరిగి లోపలినుంచి ఆ తలుపు తీశారు.

ఆయన కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు.

"కొట్టింది నేను కదా. మీరెందుకు దిగారు?" అన్నారు మేడం.

"బాగా కొట్టావు" అన్నారాయన.

మేడం పైటకొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. నేను ఈసారి కిటికీలోంచి బయటికి చూడలేదు. అంత మర్యాద నా దగ్గర మిగల్లేదు.

పైన దారి తెరుచుకుంది. పక్క వరస కదిలింది. మా ముందు నల్లకారు మాత్రం కదలలేదు. అందులో ఆ పెద్దమనిషి మళ్లీ ఫోనులో పడ్డాడు. వెనక ఆఫీసు బస్సు ఆగకుండా మోగిస్తోంది. బాబాయిగారి చెయ్యి ఒళ్లోంచి లేవలేదు.

"కొట్టండి" అన్నారు మేడం.

"వద్దులే రాజేశ్వరీ. మళ్లీ దిగొస్తాడు."

"రానివ్వండి. నేనే కొట్టానని చెప్తాను."